వాన రాకడ: ధాత కరువు నుండి శ్రీహరికోట దాకా

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పల్లెల్లో సామెత. సూరా లుఖ్మాన్ చివరి ఆయత్‌ను ఉదహరించి, వాతావరణ సూచనలను నమ్మడమే ఈమాన్‌కు విరుద్ధమని శంకించేవారు కూడా మనలో ఉన్నారు. గైబ్ వేరు, గాలినీ మేఘాన్నీ చూచి లెక్క కట్టడం వేరు. గాలుల మార్పులో, మేఘాలలో బుద్ధిమంతులకు సూచనలున్నాయని సూరా బఖరా 164వ ఆయత్ తెలుపుతున్నది గదా! అయితే ఈ లెక్కను ఏ ఒక్క జాతీ ఒంటరిగా కట్టలేదు. దీనికి మన సీమ చరిత్రే సాక్ష్యం.

దువ్వూరు ప్రాంతపు పొలాలకు నీరిచ్చే కర్నూలు-కడప కాలువ సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరుతుంది. ఆ నదికి నీరు సహ్యాద్రి కొండల వానల వల్ల వస్తుంది. అంటే ఇక్కడి రైతు బ్రతుకు ఎక్కడో కురిసే వానతో ముడిపడి ఉన్నది. 1876లో, ధాత నామ సంవత్సరంలో, రుతుపవనాలు ముఖం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు శ్మశానాలైనాయి. రెండేళ్లలో దేశమంతటా యాభై లక్షలకు పైగా జనం మరణించారని అంచనా. ఆ రోజులలోనే రేవుల నుండి ధాన్యం విదేశాలకు ఎగుమతి అవుతూనే ఉన్నది! తంతి తీగలు వాన లెక్కలతో పాటు ధరల వార్తలను కూడా మోసేవి. కనుక ఆ మరణాలన్నిటికీ ఆకాశాన్నే నిందించలేము.

1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ తొలి అధిపతి. కరువు కాలంలో వాయుపీడనం అసాధారణంగా హెచ్చినదని, అది భారతదేశానికే పరిమితం కాదని ఆయన గమనించి, ఇతర దేశాల పరిశీలకుల లెక్కలను కోరాడు. 1904 నుండి 1924 దాకా ఆ పదవిలో ఉన్న గిల్బర్ట్ వాకర్ ప్రపంచ కేంద్రాల లెక్కలను పోల్చి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల పీడనాలు త్రాసు తట్టల వలె ఎదురు బొదురుగా ఊగుతున్నాయని కనుగొన్నాడు. మన వానకు మూలం పెరూ సముద్ర తీరం దాకా పోయింది. 1873లో వియన్నాలో మొదలైన ఈ సహకారమే 1950లో ప్రపంచ వాతావరణ సంస్థ రూపం దాల్చింది.

మాన్సూన్ అనే మాటే అరబీ ‘మౌసిమ్’ నుండి వచ్చింది. పదిహేనవ శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ ఏ గాలికి ఏ రేవు నుండి బయలుదేరాలో తేదీలతో సహా వ్రాసిపెట్టాడు. ఓడలవారి అనుభవం మతాలకు, భాషలకు అతీతంగా చేతులు మారేది.

1979లో హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్ కేంద్రం అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను అందుకోసాగింది. అప్పుడొక చిక్కు ప్రశ్న లేచింది: మా భూమిని మీరు చిత్రిస్తే ఆ చిత్రం ఎవరిది? 1986లో ఐక్యరాజ్యసమితి, చిత్రింపబడిన దేశానికి వివక్ష లేకుండా, న్యాయమైన వెలకు ఆ సమాచారం అందాలని సూత్రీకరించింది. వెల అన్న మాట మాత్రం నిలిచిపోయింది. ల్యాండ్‌శాట్ చిత్రాలు అందరికీ ఉచితమైనది 2008లోనే. అదీగాక, ఆ చిత్రాలకు మబ్బులే అడ్డు. రైతుకు అవసరమైన వానకాలంలోనే అవి గుడ్డివయ్యేవి. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ఎగిరిన నైసార్, భారత-అమెరికాల ఉమ్మడి ఉపగ్రహం, రాడార్‌తో మబ్బుల గుండా చూస్తుంది. పన్నెండు రోజులకొకసారి అదే నేల మీదికి తిరిగి వస్తుంది.