‘రాండమ్’ అనే మాట

గణాంకశాస్త్రంలో ‘రాండమ్’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగులో ‘యాదృచ్ఛికం’ అని వాడుక. ‘యదృచ్ఛ’ మనకు పాతమాటే. జగత్తుకు కారణమేదని విచారించే సందర్భంలో శ్వేతాశ్వతరోపనిషత్తు కాలం, స్వభావం, నియతి అనే వాటి సరసన దీనినీ పేర్కొంది. ఇంగ్లీషు మాటకు మాత్రం ఇంత తాత్త్విక వంశం లేదు. అది పరుగులోంచి పుట్టింది.

పాత ఫ్రెంచిలో ‘రాందిర్’ అంటే వడిగా పరుగెత్తడం. ‘రాందోన్’ అంటే ఉరవడి. ఈ రెండవ మాట 14వ శతాబ్ది తొలినాళ్ళకే ఇంగ్లీషులో చేరింది. ఉరవడిగా పోయేవాడు దారి చూసుకోడు గదా! అందుచేత ‘వేగంగా’ అనే అర్థం క్రమంగా ‘గురీ తీరూ లేకుండా’ అనే అర్థానికి జారింది. 16వ శతాబ్ది చివరలో ఫిరంగివాళ్ళు కూడా ఈ మాట వాడారు. మూతి పైకెత్తి పేల్చినప్పుడు గుండు పోయే దూరం వారికి ‘రాండమ్’. అలా పేలిస్తే గుండు దూరం పోతుంది గాని గురి కుదరడం కష్టం. 17వ శతాబ్ది మధ్యనాటికి గురిలేనితనమనే అర్థమే స్థిరపడింది.

శాస్త్రజ్ఞుల చేతిలో పడిన తరువాత మాట నడక తలక్రిందులైంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్, ఏ మడికి ఏ ఎరువు వేయాలో చీట్లు వేసినట్లు నిర్ణయించాలని వాదించాడు. ‘ఏదో ఒకటి’ అని మనిషే ఎంచుకుంటే, తెలియకుండానే తనకు నచ్చిన ఎరువుకు మంచి మడి ఇచ్చే ప్రమాదముంది. అనగా ఇక్కడ రాండమ్ అంటే అజాగ్రత్త కాదు, మిక్కిలి జాగ్రత్తగా చేయవలసిన పని.

మనిషి ఊహ ఈ పనికి ఎంత చాలదో తరగతిలోనే చూడవచ్చు. సగం మంది విద్యార్థులను నాణెం 100 సార్లు ఎగరవేసి బొమ్మా బొరుసూ వ్రాయమనండి. తక్కినవారిని ఊహించి వ్రాయమనండి. నిజంగా ఎగరవేస్తే, ఒకే ముఖం వరుసగా ఐదుసార్లు ఒక్కసారైనా పడే అవకాశం నూటికి 97 పాళ్ళు. ఊహించి వ్రాసేవారు అంత పొడుగు వరుస వ్రాయడానికి సాధారణంగా జంకుతారు.

ఈ చిక్కు తప్పించడానికే 1927లో టిప్పెట్ జనాభా లెక్కల నివేదికలనుంచి 41,600 అంకెలు ఏరి పట్టికగా ప్రకటించాడు. 1955లో అమెరికాలోని రాండ్ సంస్థ పది లక్షల అంకెల గ్రంథం వెలువరించింది. ఆ పేరు మన మాటనుంచి వచ్చింది కాదు. ‘పరిశోధన, అభివృద్ధి’ అనే ఇంగ్లీషు మాటల కుదింపు. ఆ అంకెలను తయారుచేసిన ఎలక్ట్రానిక్ యంత్రంలోనూ స్వల్ప పక్షపాతం బయటపడింది. అచ్చు వేయడానికి ముందు అంకెలను జతలుగా కూడి, పదులను విడిచి, మిగిలినవే ఉంచుకోవలసి వచ్చింది.