కలాసు వ్యవహారము

క్రీ. శ. 1761 అక్టోబరు 13 వ తేది రాత్రి, ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమందలి టులూజు నగరమున, ఝాఁ కలాసు అను వర్తకుని దుకాణములో ఆతని జ్యేష్ఠపుత్రుఁడు మార్క్ ఆంత్వాను మృతుఁడై కానఁబడెను. అయిదు నెలలు గడవకమునుపే, చంపినవాఁడు తండ్రియే యని నిర్ణయించి యాతనిని జక్రవధకు గుఱిచేసిరి. మూఁడేండ్లకు ఆతఁడు నిర్దోషి యని యా రాజ్యమే ప్రకటించెను. ఈ వ్యవహారమును బరిశీలించినచో, సాక్షుల యసత్యముకంటెఁ బ్రశ్నయందలి దోషమే యెక్కువ కీడు చేసినట్లు తోఁచును.

కలాసున కప్పటికి 63 ఏండ్లు. అతఁ డమ్మునవి ‘ఇందియెను’ లనఁబడు నద్దకపు నూలుబట్టలు. మచిలీబందరు మొదలగు రేవులనుండి యూరపునకుఁ బోయిన మన చీటిగుడ్డలవలనఁ గలిగిన పేరిది. పిదప నచ్చట నద్దిన బట్టలకును ఆ పేరే నిలిచినది. అతని కుటుంబము ప్రొటెస్టంటు మతమునకుఁ జేరినది. 1685 లోఁ బదునాలుగవ లూయీ నాంతు శాసనమును రద్దుపఱచిన నాఁటినుండి యా మతస్థులకు బహిరంగారాధనము లేదు. పెక్కు వృత్తులలోఁ బ్రవేశమును లేదు. మార్క్ ఆంత్వాను న్యాయశాస్త్రము చదివియుఁ, గాథలిక్కునని మతగురువు వ్రాసి యిచ్చు పత్రము లేమిచే వకీలు కాలేకపోయెను. అప్పటినుండి యతనికి మనస్సు కుదురులేదు. మఱియొక కొడుకు లూయి యంతకుముందే కాథలిక్కయ్యెను. తండ్రి యతనికి భృతి నిచ్చుచునే యుండెను. ఆ మతాంతరమునకుఁ దోడ్పడిన విగియేరను కాథలిక్కు పరిచారికయు నా యింటనే పనిచేయుచుండెను. కొడుకు మతము మార్చుకొనఁబోవుచుండఁగాఁ జంపెనను నపవాదమును విచారించువారికి ఈ రెండు సంగతులే చాలవలసియుండెను.

ఆ రాత్రి మేడమీఁద భోజనమునకుఁ గూర్చున్నవారు తల్లిదండ్రులు, మార్క్ ఆంత్వాను, తమ్ముఁడు పియేరు, అతిథిగా వచ్చిన లవేస్సను యువకుఁడు. మార్క్ ఆంత్వాను ముందుగా లేచి క్రిందికి దిగిపోయెను. కొంతసేపటికి అతిథిని సాగనంపవచ్చిన పియేరు శవమును జూచెను. ఇంటివారు తొలుత శవము నేలపైఁ బడియుండెననిరి. మఱల నడుగఁగాఁ, దలుపులమీఁద నడ్డముగాఁ బెట్టిన దండమునుండి వ్రేలాడుచుండఁగా దింపితిమనిరి. మాట మార్చుటకుఁ గారణము గలదు. ఆకాలపు ఫ్రెంచిశాసనమునుబట్టి ఆత్మహత్య చేసికొన్నవాని శవముమీఁదనే వ్యాజ్యము నడపి, దానిని వీథులవెంట నీడ్చి వ్రేలాడఁదీయుదురు. కొడుకు దేహమున కా యవమానము దప్పింపఁగోరి తండ్రి యొక యబద్ధము చెప్పుమనెను. శాసనము పుట్టించిన యా యబద్ధమునే శాసనము సాక్ష్యముగాఁ గైకొనెను.

గుమిగూడిన జనములో నెవఁడో తండ్రియే చంపెనని కేకవేసెను. నగరాధికారి యగు దవీద్ ద బోద్రిగు స్థలపరీక్షయైన సరిగాఁ జేయక, యింట నున్నవారి నందఱిని జెఱఁబెట్టించెను. పిమ్మట, తెలిసినది చెప్పనివారికి మతబహిష్కారము విధింపఁబడునని హెచ్చరించు పత్ర మొకటి చర్చీలలోఁ జదువఁబడెను. అందలి ప్రకరణములు హత్యను సిద్ధముగాఁ గొనియే వ్రాయఁబడినవి. ఆత్మహత్యనుగూర్చి యందొక్క ప్రశ్నయు లేదు. ‘మృతుఁడు’ అనునపుడు క్తప్రత్యయము కర్తయందు వచ్చినది. వేఱొక కర్తను వెదకఁ బనిలేదు. ‘హతుఁడు’ అన్ననో యది కర్మార్థకము. చంపినవాఁ డెవఁడను నాకాంక్ష వెంటనే పుట్టును. టులూజు న్యాయాధికారులు మొదటిపదమునకు మాఱు రెండవపదమును గైకొని యారంభించిరి. పిదప వారికిఁ గావలసినది కర్తృపద మొక్కటియే. తీర్పునకు ముందే శవమును గాథలిక్కు విధులతో నూరేగించి సమాధి చేసిరి. వధ నిర్ణీతము గాకయే మార్క్ ఆంత్వాను హతసాక్షి యయ్యెను. 1562 లోఁ బ్రొటెస్టంటులను జంపినందులకు ఏటేట నుత్సవము చేయు నగరమది. 1762 దానికి ద్విశతాబ్ది.

ఆ 1762 మార్చి 9 న టులూజు పార్లెమాను న్యాయస్థానమున 13 గురు న్యాయాధిపతులలో 8 మంది కలాసునకు మరణదండన విధించిరి. మఱునాఁడు చిత్రహింస చేసి, చక్రముపై నెముకలు విఱిచి, రెండుగంటలైన పిదప గొంతు నులిమి, శవమును గాల్చిరి. తుదివఱకు నాతఁడు నిర్దోషి ననియే చెప్పెను. బాధ కోర్వలేక తోడివారి పేళ్లు చెప్పునని న్యాయాధిపతులు తలఁచియుండిరి. ఆ యాశ వమ్మయినది. నారదుఁడు వ్యవహారము త్రోవ దప్పుటకు మాండవ్యుని యుదాహరించెను. మృచ్ఛకటికమునఁ జారుదత్తుఁడు వధ్యస్థానమున బ్రదికినది, చచ్చినదనుకొన్న వసంతసేన నడచివచ్చుటచే. కలాసు నట్లు రక్షించువారు లేరు.

మార్చి 18 న మిగిలినవారి తీర్పు వెలువడెను. పియేరునకు దేశబహిష్కారము, తల్లియు, లవేస్సును, విగియేరును విడువఁబడిరి. రాత్రి యందఱు నొక్కచోటనే యుండిరనుట నిర్వివాదము. 63 ఏండ్లవాఁడు 28 ఏండ్ల బలిష్ఠుని నొంటరిగా నురిదీయఁగలుగుట నమ్మరానిది. తోడ్పడినవా రుండిరేని వారిని విడుచుట యెట్లు? లేరేని కలాసును జంపుట యెట్లు? జెనీవా చెంత ఫెర్నేలో నున్న వోల్టేరు పట్టుకొన్న చిక్కిదియే. ఆతఁడును మొదట సంశయించినవాఁడే. కనిష్ఠపుత్రుఁడు దొనాను బలుమాఱు ప్రశ్నించిన పిదపనే పక్షము వహించెను. 1763 లో మతసహనమునుగూర్చి గ్రంథము ప్రకటించెను. కొమార్తెలను గన్యకామఠములలోఁ బెట్టి తననుండి వేఱుపఱుపఁగా వితంతువు పారిసున కేఁగెను. 1763 మార్చి 7 న రాజసభ విచారణపత్రములను దెప్పించుట కాజ్ఞాపించెను. 1764 జూన్ 4 న తీర్పును గొట్టివేసెను. 1765 మార్చి 9 న, మూఁడేండ్లు సరిగా నిండిన దినమున, 40 మంది న్యాయాధిపతు లేకగ్రీవముగాఁ గలాసును నిర్దోషిగాఁ బ్రకటించిరి. రాజు కుటుంబమునకు 36,000 లీవ్రులు దయచేసెను.

మార్క్ ఆంత్వాను ఎట్లు మరణించెనో నేఁటికిని చరిత్రకారు లేకాభిప్రాయులు గారు. తండ్రిమీఁది నేరము రుజువు కాలేదనుటయందు మాత్రము సంశయము లేదు. బోద్రిగు 1765 లోనే యుద్యోగము గోల్పోయెను. చెఱసాల పుస్తకములలోఁ గలాసు పేరు కొట్టివేయవలెనని పారిసు తీర్పు విధించెను. టులూజు న్యాయస్థాన మా యాజ్ఞను బాటింపలేదు.