శాటిలైట్ ఇంటర్నెట్: స్పీడ్ ప్లాన్ ఉన్నా పేజీ ఎందుకు తిరుగుతూనే ఉంటుంది? అసలు కారణం ఇదే..

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు. అదే ఒక మెసేజ్ శాటిలైట్ మీదుగా వెళ్లి, జవాబు తిరిగి రావాలంటే మాత్రం దాదాపు 1.43 లక్షల కిలోమీటర్లు ప్రయాణించాలి!

నల్లమల అంచున ఫైబర్, టవర్ సిగ్నల్ అందని చోట శాటిలైట్ ఇంటర్నెట్టే దిక్కు. డాక్టర్‌తో వీడియో కాల్, ఆన్‌లైన్ క్లాస్, యూపీఐ.. అన్నీ దాని మీదే నడవాలి. మరి ఎక్కువ ఎంబీపీఎస్ ప్లాన్ కొంటే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో చూద్దాం.

లేటెన్సీ అంటే ఏంటి?

జీశాట్-11 లాంటి ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. కాంతి వేగంతో వెళ్లినా సిగ్నల్ పోయి రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. మధ్యలో పరికరాల ఆలస్యం కలిపితే 0.6 సెకను దాకా అవుతుంది. దీన్నే లేటెన్సీ అంటారు. టీవీ లైవ్‌లో యాంకర్ ప్రశ్న అడిగాక రిపోర్టర్ ఒక క్షణం ఆగడం చూసే ఉంటారు. శాటిలైట్ ఓబీ వ్యాన్ నుంచి లైవ్ ఇచ్చేటప్పుడు ఆ గ్యాప్‌కి ఈ దూరం కూడా ఓ కారణం.

స్పీడ్ ఎందుకు పడిపోతుంది?

ఇంటర్నెట్‌లో టీసీపీ అనే పద్ధతి ఉంది. కొంత డేటా పంపి, 'అందింది' అన్న కబురు వచ్చాకే మిగతాది పంపుతుంది. పాత సెట్టింగ్‌లో ఒక్క విడతకు 64 కేబీయే హద్దు. 0.6 సెకనుకోసారి 64 కేబీ అంటే ఒక కనెక్షన్‌కు 1 ఎంబీపీఎస్ కూడా రాదు. ప్లాన్ 20 ఎంబీపీఎస్ అయినా అంతే!

పరిష్కారాలు ఇవే

* విండో స్కేలింగ్: ఒక్క విడతలో పంపే డేటా హద్దును పెంచుతుంది. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లలో ఇది ఉంటుంది.
* పెప్ ప్రాక్సీ: శాటిలైట్ మోడెమ్, గ్రౌండ్ స్టేషన్‌లలో ఉండే సాఫ్ట్‌వేర్. 'అందింది' కబురును దగ్గర్నుంచే ఇచ్చేస్తుంది. దాంతో పంపేవాళ్లు ఆగకుండా పంపుతారు.
* క్యాషింగ్: పదే పదే చూసే వీడియోలు, ఫైళ్లను స్థానికంగా దాచి ఉంచడం.

వీపీఎన్ ఆన్ చేస్తే?

డేటాకు తాళం పడుతుంది కాబట్టి పెప్ ప్రాక్సీ లోపలికి చూడలేదు. అందుకే శాటిలైట్ లింక్‌పై వీపీఎన్ పెడితే చాలాసార్లు స్పీడ్ తగ్గుతుంది.

కాల్ సంగతేంటి?

ఈ చిట్కాలు డౌన్‌లోడ్‌ను, పేజీ ఓపెన్ కావడాన్ని వేగం చేస్తాయి. వీడియో కాల్‌లో ఆలస్యాన్ని మాత్రం తగ్గించలేవు. దానికి ఉపగ్రహమే కిందికి రావాలి. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, అందుకే ఆలస్యం సాధారణంగా 0.1 సెకను లోపే. ఈ సంస్థకు 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్స్ ఇచ్చింది.

కనెక్షన్ తీసుకునే ముందు ఎంబీపీఎస్ ఒక్కటే కాదు.. ఉపగ్రహం ఎంత ఎత్తులో ఉంది, లేటెన్సీ ఎంత అని కూడా అడగండి.