సత్రము గడప నుండి పురపాలక ఆశ్రయము వరకు

ఈ శతవార్షిక సంచికలో దేవాలయములు, పాఠశాలలు, ఆసుపత్రులు కట్టినవారిని గూర్చి పెద్దలనేకులు వ్రాయుచున్నారు. ఆ గోడల వెలుపల పండుకొన్నవారిని గూర్చి మేము కొంచెము వ్రాయదలచితిమి. మదనపల్లె మార్కెట్టు అరుగుల మీద, పుంగనూరు బస్టాండులో, కుప్పము రైలు స్టేషనులో రాత్రివేళ వారిని చూడని సంఘస్థుడు ఉండడు. చూచి దాటిపోవుట మనకు అలవాటైనది, అంతే.

మన తెలుగు బైబిలు బేత్లెహేములో స్థలము దొరకని చోటును సత్రమన్నది. మంచి సమరయుడు గాయపడినవానిని చేర్చిన చోటును పూటకూళ్ల యిల్లు అన్నది. రెండును మన ఊళ్ల మాటలే. సత్రము ధర్మార్థము కట్టినది, పూటకూళ్ల యింట డబ్బిచ్చి తినవలెను. ధర్మసత్రములో లేని చోటు డబ్బు కట్టిన ఇంట దొరికెనే అని ఎవరైనను నవ్వుకొనవచ్చును. కాని సమరయుడు డబ్బు కట్టి ఊరుకొనలేదు, మరల వచ్చెదనని కూడ చెప్పెను.

మన దేశములో సత్రము పాత ఏర్పాటు. రాజులు, జమీందారులు, వర్తకులు మాన్యములిచ్చి కట్టించిరి. ఆ మాన్యములు అన్యాక్రాంతము కాకుండ 1817లో మద్రాసు ప్రభుత్వము 7వ రెగ్యులేషను చేసి రెవిన్యూ బోర్డుకు పర్యవేక్షణ అప్పగించినది. తరువాత పెక్కు సత్రములు స్థానిక బోర్డుల చేతికిని, మునిసిపాలిటీల చేతికిని వచ్చినవి. కాబట్టి దారిన పోవువానికి నీడ చూపుట పురపాలకుల పనియే అన్న తలంపు నిన్న మొన్నటిది కాదు. అయితే సత్రము బాటసారి కొరకు. రెండు మూడు దినములైన పిమ్మట కదలవలెను. పోవుటకు ఊరు లేనివాని మాట అందులో లేదు. అంతకంటె ముఖ్యముగ, గడప యొద్ద మొదటి ప్రశ్న కులము. మన సంఘస్థులలో పెక్కుమంది తాతముత్తాతలకు ఆ గడప దాటు వీలే లేకపోయెను. ఈ సంగతి మనము మరువరాదు.

1863లో జేకబ్ చేంబర్లెయిన్ దొరగారు మదనపల్లెలో మిషను ఆరంభించిన పదమూడేండ్లకు ధాత కరువు వచ్చినది. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడినది. మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు ఉత్తర ఆర్కాటులోను ఉండెను. 1876 నుండి 1878 వరకు ఈ జిల్లాలలో జనము ఇండ్లు విడిచి గంజి కొరకు రోడ్డున పడిరి. ప్రభుత్వము శిబిరములు పెట్టినది. అక్కడి ప్రశ్న వేరు: పని చేయగలవా? 1877 మొదట సర్ రిచర్డ్ టెంపుల్ పనివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొద్దిపాటి డబ్బును చాలుననెను. శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ అది మనిషిని నిలుపదని వాదించెను. కొన్ని నెలలకే కూలి పెంచవలసి వచ్చినది. 1880 కరువు కమిషను తరువాత వచ్చిన కరువు నిబంధనలలో దిక్కులేనివారికి బీదల గృహములు చేరినవి. కరువు తీరగానే అవి మూతపడునవే.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కూడ చట్టము చాలకాలము ఇల్లు లేనివానిని బిచ్చగానిగానే చూచినది. 1977 ఆంధ్రప్రదేశ్ భిక్షాటన నిరోధక చట్టములో పట్టుకొనుట, విచారించుట, గృహములో ఉంచుట అను వరుస ఉన్నది. అది ఆశ్రయమా, నిర్బంధమా అని అడిగిన మేమేమి చెప్పగలము?

ఇచ్చట ఆరోగ్యవరమును తలచుకొనక తప్పదు. 1912లో పలు మిషనులు కలిసి ఆరంభించిన ఆ క్షయ శానటోరియము డాక్టరు ఫ్రిమోట్-మొల్లర్ గారి కాలములో దేశమంతట పేరు పొందినది. రోగికి మందు దొరకని దినములలో మంచము, ఆహారము, విశ్రాంతి, గాలి అనునవే వైద్యము. 1956లో మద్రాసులో ఆరంభించిన పరిశోధన, మాత్రలు సక్రమముగ వాడినయెడల ఇంటి యొద్ద వైద్యమును శానటోరియపు వైద్యమంత ఫలమిచ్చునని 1959లో తేల్చినది. లక్షలమందికి అది మేలు. కాని ఇంటి వైద్యమునకు ముందు ఇల్లుండవలెను గదా! 2018 నుండి క్షయ రోగికి పోషణ నిమిత్తము ప్రభుత్వమిచ్చు నెలసరి సొమ్ము బ్యాంకు ఖాతాలో పడును. చిరునామా లేనివాడు ఖాతా తెరచుట ఎంత శ్రమయో ఎరిగినవారికే ఎరుక. శానటోరియపు మంచము వైద్యముతో పాటు చిరునామాను కూడ ఇచ్చెనని మనకు ఆలస్యముగ తెలిసినది.

2010లో సుప్రీంకోర్టు ఆజ్ఞతో ప్రశ్న మారినది. పట్టణములలో ప్రతి లక్ష జనాభాకు నూరుమందికి చాలు ఆశ్రయమొకటి, రాత్రింబవళ్లు, ఏడాది పొడుగున తెరచి ఉండవలెను. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషను దీనికి పథకము చేసినది. మన రాష్ట్రములో ఆ మిషను పని మెప్మా ద్వారా నడిచినది. పడకతో పాటు రేషను కార్డు, పింఛను, గుర్తింపు పత్రము, పిల్లలకు బడి చూపుట కూడ ఆశ్రయపు పనియేనని నియమము. మాకు నచ్చినది ఈ భాగమే.

లెక్కలో మాత్రము ఒక చిక్కు ఉన్నది. మదనపల్లె లక్ష దాటిన ఊరు గనుక కొలతకు అందినది. పుంగనూరు, కుప్పము లక్షకు లోపలివి. కుప్పము మొన్నటి వరకు పంచాయతీయే, తొలి పురపాలక ఎన్నికలు 2021 నవంబరులో జరిగినవి. మొదట లక్ష జనాభా గల పట్టణములకును, జిల్లా కేంద్రములకును పరిమితమైన మిషనును 2016లో చిన్న పట్టణములకు కూడ విస్తరించిరి. కాని మూడు రాష్ట్రములు కలియు చోట, 1864లో తెరచిన బెంగుళూరు రైలు దారి మీద ఉన్న కుప్పములో దిగు దిక్కులేనివాడు జనాభా లెక్క చూచి దిగడు.

ఆశ్రయము నడుపుటకు మిషను సహాయము అయిదేండ్లు మాత్రమే. తరువాతి భారము పురపాలక సంఘముదే. ఆ మిషను కూడ 2024 సెప్టెంబరు 30తో ముగిసినది. కట్టుటకు డబ్బు తెచ్చుట కంటె కాపలావానికి, వంటమనిషికి నెలనెల జీతమిచ్చుట కష్టమని మన హాస్టళ్లు నడిపినవారికి చెప్పనక్కరలేదు.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు వలస కూలీలకు, దిక్కులేనివారికి తాత్కాలిక వసతి చూపవలెనని కేంద్రము రాష్ట్రములను ఆజ్ఞాపించినది. దేశమందు అనేక చోట్ల బడులు, హాలులు కొన్ని దినములలోనే తెరచుకొన్నవి. తెరచుటకు వీలగునని అప్పుడు అందరును చూచిరి.

మా దేవాలయపు గేటుకు రాత్రి తొమ్మిది గంటలకు తాళము పడుచున్నది. వరండాలో ఎవరో పండుకొనుచున్నారని అయిదారేండ్ల క్రిందట మేమే వేయించితిమి. ఆ తీర్మానమునకు చేయి ఎత్తినవారిలో ఈ వ్యాసము వ్రాయువారును ఉన్నారు. దానిని మరల చర్చించవలెనని పాస్టరేటు కమిటీకి అర్జీ ఇచ్చితిమి. వచ్చే నెల కూటములో అది నాలుగవ అంశము.