టీ పొట్లంతో పింఛను

మా అవ్వ వంటింట్లో టీపొడి డబ్బాలు రెండు ఉండేవి. ఒకదాంట్లో టీపొడి, ఇంకోదాంట్లో దుడ్డు. రెండూ ఒకే రంగు, ఒకే ఎత్తు. తప్పు డబ్బా తీసి తిట్లు తిన్నది నేనొక్కణ్ణే కాదు, మా ఇంట్లో పిల్లలంతా తిన్నవాళ్ళే. "కనపడే చోట పెడితే ఖర్చయిపోతాది నాయనా, టీ డబ్బాలో ఎవురు చూస్తారు" అనేది అవ్వ. కోలారు బంగారు గనుల్లో కూలీల లైన్లలో ఆమె కాపురం నలభై ఏళ్ళు. తాత పోయినాక ఆ డబ్బా ఆమెకి బ్యాంకు, ఎల్లైసీ, అన్నీ.

నేనిప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంగ్లండు పింఛన్ల లెక్కలు వేసే ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా పని. ఒక రూలు ఎందుకు పెట్టారో అర్థం కాక పాత కోర్టు కేసులు చదువుతా ఉంటే, టీ పొట్లం కొన్న ఆడవాళ్ళకి పింఛను ఇస్తామన్న కంపెనీ ఒకటి కనపడింది. ఇంగ్లండు కథ మన ఇంటి చరిత్రలో ఎందుకు అనుకోకండి. అవ్వ డబ్బా దగ్గరికి మళ్ళీ వస్తాను.

బ్రిటిష్ వాళ్ళ టీ అనంగానే మనకి సినిమాల్లో చూసిన పింగాణీ కప్పులు, దొరసానులు, నాలుగు గంటల బిస్కెట్లు గుర్తొస్తాయి. అది ఉన్నవాళ్ళ టీ. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే వాళ్ళ టీ వేరే. చిక్కగా, చక్కెర బాగా వేసి, రొట్టెతో తాగేది. ఉత్తర ఇంగ్లండులో సాయంత్రం తినే భోజనానికే ఇప్పటికీ 'టీ' అని పేరు. కూలి తక్కువైన ఇంట్లో మాంసం మగవాడి పళ్ళెంలోకి పోయేది, ఆడవాళ్ళకీ పిల్లలకీ రొట్టె, టీ మిగిలేవి. వేడిగా ఏదో ఒకటి కడుపులో పడ్డట్టు ఉంటుంది కదా. అవ్వ కూడా అదే చేసేది, టీలో రాగి రొట్టె ముంచుకొని.

ఆ దేశంలో ముసలితనానికీ టీకీ సంబంధం ఇంకా పాతది. 1834లో వచ్చిన పేదల చట్టం తర్వాత, దిక్కులేని వాళ్ళని 'వర్క్‌హౌస్' అనే చోట పెట్టేవాళ్ళు. సత్రం అనుకోవచ్చు గానీ, నడిపే తీరు చూస్తే జైలుకే దగ్గర. మొగుడూ పెళ్ళాల్ని విడదీసి వేరే వేరే వార్డుల్లో ఉంచేవాళ్ళు. పొద్దున గంజి. 1836 ప్రాంతంలో అధికారులు ఇచ్చిన భోజన పట్టికల్లో ఒక సవరణ ఉంది: అరవై ఏళ్ళు దాటినవాళ్ళకి గంజి బదులు వారానికి ఒక ఔన్సు టీ, ఐదు ఔన్సుల వెన్న, ఏడు ఔన్సుల చక్కెర ఇవ్వొచ్చు, ఇవ్వడం తగును అనుకుంటే. ఔన్సు అంటే మన లెక్కలో 28 గ్రాములు. జీవితమంతా పనిచేసిన మనిషికి ప్రభుత్వం ఇచ్చిన రిటైర్మెంట్ బెనిఫిట్ అంత. అదీ 'తగును అనుకుంటే'!

అందుకే అక్కడి పేదవాళ్ళకి వర్క్‌హౌస్ అంటే చావు కన్నా భయం. దాని పాలు కాకుండా ఉండాలని దుడ్డు దాచేవాళ్ళు. టీ పెట్టెలో, పగిలిన టీ కుండలో పెన్నీలు వేసి పెట్టడం ఇంటింటి అలవాటు. గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు 1861లో పోస్టాఫీసు పొదుపు బ్యాంకు పెట్టాడు, ఒక షిల్లింగు ఉంటే చాలు ఖాతా తెరవొచ్చు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. ఆ ఒక్క షిల్లింగు కూడా ఒకేసారి చేతిలో ఉండని వాళ్ళ కోసం, 1880లో పెన్నీ స్టాంపులు ఒక్కొక్కటీ కొని కాగితం మీద అతికించి, పన్నెండయ్యాక తీసుకొచ్చి కట్టే ఏర్పాటు కూడా చేశారు. (కన్నడలో దీన్ని 'ఉళితాయ' అంటాం. తెలుగులో 'పొదుపు' అనే మాట నేను ఉద్యోగంలో చేరినాకే నేర్చుకున్నాను. అవ్వ రెండూ అనేది కాదు, 'దాపెట్టడం' అనేది.)

ఇట్లాంటి లోకంలోకి వచ్చింది నెల్సన్ అండ్ కంపెనీ. 1890ల చివర, 1900 మొదట్లో టీ అమ్మే వ్యాపారం. ఆ రోజుల్లో టీ అంగళ్ళ మధ్య పోటీ మామూలుగా ఉండేది కాదు. లిప్టన్ ధర తగ్గించాడు, ఇంకొకరు పొట్లంతో కప్పు ఉచితం అన్నారు. నెల్సన్ వాళ్ళు కప్పూ సాసరూ ఇవ్వలేదు, పింఛనే ఇస్తామన్నారు. పెళ్ళైన ఆడది మా దగ్గర వారం వారం తప్పకుండా టీ కొనాలి. కొనడం మొదలుపెట్టినప్పుడు మొగుడు ఆరోగ్యంగా ఉండాలి. ఆ తర్వాత అతను చనిపోతే, ఆమెకి వారం వారం పింఛను. అర పౌను టీ కొనేవాళ్ళకి వారానికి పది షిల్లింగులు.

ఆ ఆడవాళ్ళ వైపు నుంచి చూడండి. టీ ఎట్లాగూ కొనాల్సిందే. ఏ అంగట్లో కొంటే ఏం? మొగుడు గనిలోనో ఓడ మీదనో పనిచేస్తాడు, ఎప్పుడేమవుతుందో తెలీదు. అప్పటికి ప్రభుత్వం విధవలకి ఇచ్చే పింఛను అనేదే లేదు. ఏజెంటు వచ్చి ప్రీమియం అడిగితే భయం. టీ పొట్లం అయితే భయం లేదు. నేనున్నా చేరేవాణ్ణి.

ఇప్పుడు టెస్టర్ లాగా చూద్దాం. మా పనిలో మొదట అడిగే ప్రశ్న: ఎక్కువమంది ఒకేసారి వస్తే ఏమవుతుంది? అప్పట్లో పౌను టీ సుమారు షిల్లింగున్నర నుంచి రెండు షిల్లింగులు. రెండు షిల్లింగులే అనుకుందాం. అర పౌనుకి ఒక షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. అందులో ఖర్చులన్నీ పోను మూడు పెన్నీల లాభం అనుకుందాం (ఈ మూడు నేను ఊహించిన అంకె). పది షిల్లింగులంటే 120 పెన్నీలు. ఒక విధవకి ఒక వారం పింఛను ఇవ్వాలంటే నలభై మంది సుమంగళులు ఆ వారం టీ కొనాలి. మొదటి ఏడు ఇబ్బంది ఉండదు, పోయేవాళ్ళు తక్కువ, చేరేవాళ్ళు ఎక్కువ. కానీ ఒకసారి పింఛను మొదలైతే అది ఆ వారంతో ఆగదు. విధవల వరస ఏడేడాదికీ పొడుగవుతుంది. కొత్తగా చేరేవాళ్ళు ఏడాదికేడాది పెరుగుతానే ఉండాలి, లేకపోతే కూలిపోతుంది. ఊళ్ళో ఆడవాళ్ళ సంఖ్యకి ఒక హద్దుంది కదా.

ఇంగ్లండులో 1870 నుంచే జీవిత బీమా కంపెనీలకి ఒక చట్టం ఉంది. 20,000 పౌన్లు డిపాజిట్ పెట్టాలి, లెక్కలు చూపించాలి. నెల్సన్ వాళ్ళ వాదన, మేము టీ వ్యాపారులం, బీమా కంపెనీ కాదు అని. వ్యవహారం 1901లో కోర్టుకి ఎక్కింది. పేరు టీ వ్యాపారమైనా, మనిషి చావు మీద ఆధారపడి దుడ్డు ఇస్తామని మాటిచ్చారు కాబట్టి ఇది బీమాయే అని కోర్టు తేల్చింది. బీమా అంటే ఏమిటి అని వాదన వచ్చినప్పుడు లాయర్లు ఈ కేసుని తర్వాత్తర్వాత కూడా ఎత్తేవాళ్ళు. నేను దాన్ని చూసింది కూడా అట్లాంటి చోటే.

1905లో కంపెనీ దివాలా తీసి మూతపడింది. ఆ టీ తాగిన ఆడవాళ్ళకి చేతిలో మిగిలింది ఖాళీ పొట్లాలే.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో సంగతి. అదే కాలంలో అదే ఆలోచన సరిగ్గా చేసినవాళ్ళు కూడా ఉన్నారు. 1844 డిసెంబరులో రోచ్‌డేల్ అనే మిల్లుల ఊళ్ళో నేతగాళ్ళు, ఇంకొందరు పనివాళ్ళు కలిసి సహకార అంగడి తెరిచారు. మొదట పిండి, వెన్న, చక్కెర, ఓట్స్, కొవ్వొత్తులు మాత్రమే. టీ కొంచెం ఆలస్యంగా చేరింది. ఎవరు ఎంత కొన్నారో రాసి పెట్టి, లాభాన్ని ఆ లెక్కన పంచేవాళ్ళు. జనం దాన్ని ముద్దుగా 'డివి' అన్నారు. ఇంటి ఇల్లాలు ఆ డివిని తీసుకోకుండా అంగట్లోనే వదిలేస్తే అదే పొదుపు ఖాతా. టీ తాగే కొద్దీ దుడ్డు పెరుగుతుంది అన్నమాట. ఈ సహకార సంఘాల టోకు సంస్థలు తర్వాత సిలోన్‌లోనూ మన దక్షిణ భారతంలోనూ సొంతంగా టీ తోటలు కొన్నాయి. 1904 నుంచి వాళ్ళ బీమా సంఘం ఒక పద్ధతి పెట్టింది. సభ్యుడు చనిపోతే, ఆ ఇంటివాళ్ళు అంగట్లో ఎంత కొంటూ వచ్చారో దాన్ని బట్టి కుటుంబానికి కొంత మొత్తం. ప్రీమియం సంఘమే కడుతుంది. నెల్సన్ చెప్పిందీ దాదాపు ఇదే కదా! కాకపోతే ఇక్కడ వారం వారం జీవితాంతం కాదు, ఒక్కసారి ఇచ్చే మొత్తం. దానికోసం ముందుగానే దుడ్డు పక్కన పెడుతున్నారు. అంగడి కూడా కొనేవాళ్ళదే.

ప్రభుత్వం కదిలింది 1908లో. వృద్ధాప్య పింఛన్ల చట్టం వచ్చి, 1909 జనవరి 1న పోస్టాఫీసుల్లో మొదటి పింఛన్లు ఇచ్చారు. డెబ్బై ఏళ్ళు నిండి, ఆదాయం బాగా తక్కువగా ఉంటే వారానికి ఐదు షిల్లింగులు. వయసు రుజువు పెద్ద గొడవ అయింది. ఐర్లండులో అప్పటి ముసలివాళ్ళు పుట్టినప్పుడు జనన నమోదే లేదు, అందుకని 1839 జనవరి పెనుగాలి రాత్రి మీకు గుర్తుందా అని అడిగేవాళ్ళట. గుర్తుందని చెప్పినవాళ్ళు లెక్కలేనంత మంది. మా అవ్వ పుట్టిన తేదీ కూడా 'కరువొచ్చిన ఏడు, ఉగాది ముందర'. ఆధార్ కార్డులో మాత్రం జనవరి ఒకటి.

ఆ ఐదు షిల్లింగులకి పెద్దవాళ్ళు ఏమీ కట్టలేదు, ఉచితం అని కొందరికి కోపం. నిజంగా కట్టలేదా? కూలి చేసేవాడికి ఆదాయపు పన్ను లేదు గానీ, టీ మీద పన్ను ఉంది. 1909లో పౌనుకి ఐదు పెన్నీలు. పింఛను అందుకున్న ముసలమ్మ ఆ దుడ్డుతో పావు పౌను టీ కొంటే, పెన్నీ పావు మళ్ళీ సర్కారు ఖజానాకే. యాభై ఏళ్ళు టీ తాగిన మనిషి యాభై ఏళ్ళు వాయిదాలు కట్టినట్టే అని నా లెక్క. టీ పన్ను 1929లో చర్చిల్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు తీసేశాడు, మూడేళ్ళకి మళ్ళీ వచ్చింది. అదే చర్చిల్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు, 1925లో, విధవలకి పింఛను చట్టం వచ్చింది. జీతంలోంచి వారం వారం కోత పట్టుకొని, యజమానితో కూడా కట్టించి ఇచ్చే పద్ధతి. విధవకి వారానికి పది షిల్లింగులు. నెల్సన్ మాటిచ్చిన అంకె అదే! కంపెనీ మునిగి ఇరవై ఏళ్ళకి ఆ అంకె పోస్టాఫీసు కౌంటరు దాకా వచ్చింది.

యుద్ధంలో, 1940 జులై నుంచి, టీకి రేషను: మనిషికి వారానికి రెండు ఔన్సులు. 1944 డిసెంబరులో డెబ్బై దాటినవాళ్ళకి ఇంకొంచెం పెంచారు. ఈసారి ఎవరి అనుమతీ అవసరం లేదు, వయసుంటే చాలు.

ఇక మా గనుల ఊరు. 1880 నుంచి అక్కడ తవ్వకం నడిపించింది జాన్ టేలర్ కంపెనీ, లండనులో దాని ఆఫీసు. దొరల బంగళాల్లో నాలుగు గంటల టీ ఉండేది. లైన్లలో మన చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, తమిళులు. తర్వాత గనులు సర్కారువి అయినాయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తాత దానికి ముందే పోయినాడు. అవ్వకి కుటుంబ పింఛను కొంచెం వచ్చేది, అది బియ్యానికి సరి. కొడుకుల్ని చెయ్యి చాచి అడగకూడదని డబ్బా నింపేది.

తొంభైల్లో ఒక అంగడివాళ్ళు 'పండగ చీటీ' పెట్టారు. నెలనెలా కడితే పన్నెండో నెల దీపావళికి సామాను, పైన ఒక వెండి కుంకుమ భరిణె. మీ ఊళ్ళల్లోనూ ఇట్లాంటివి ఉండే ఉంటాయి. టీపొడి, చక్కెర ఎట్లాగూ అక్కడే కొంటాం కదా అని అవ్వ చేరింది. పండక్కి మూడు వారాల ముందు అంగడికి తాళం. లైన్లలో చాలామంది ఆడవాళ్ళు పోయి తలుపు కొట్టి వచ్చారు. అవ్వ పోలేదు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, తర్వాత మా నాయనని పిలిచి, పోస్టాఫీసులో ఆర్డీ కట్టేది ఎట్లా అని అడిగింది. అడిగిన ఆ ఒక్కరోజే ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశామని మా నాయన చెప్తాడు.

అవ్వ పోయినాక డబ్బాలు రెండూ నాకొచ్చాయి. దుడ్డు డబ్బా అడుగున ఆ చీటీ కార్డు ఇంకా ఉంది, నాలుగు మడతలు పెట్టి. పన్నెండు గళ్ళు. పదకొండింటికి ఊదా రంగు ముద్ర వేసి ఉంది.