శత్రు ఆస్తి

మహారాష్ట్రలోని మా అంకిసలో బడికి పోతే మరాఠీ, ఇంటికొస్తే తెలుగు. సిరొంచ మీదుగా ఆలాపల్లి దాటి ములచేరా వైపు పోతే బెంగాలీ వినబడుతుంది. తూర్పు పాకిస్తాన్‌లో ఇల్లూ పొలమూ వదిలి వచ్చిన శరణార్థుల ఊళ్లవి.

మతం రాజ్యానికి సంబంధించిన సంగతి కాదని 1947 ఆగస్టు 11న పాకిస్తాన్ స్థాపకుడు జిన్నా చెప్పాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1949 మార్చిలో, పాకిస్తాన్ రాజ్యాంగ సభ చేసిన లక్ష్యాల తీర్మానం రాజ్యాంగాన్ని ఇస్లాం వైపు తిప్పింది. తొలి న్యాయమంత్రి, దళిత నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ 1950లో రాజీనామా చేసి భారత్ వచ్చేశాడు. 1956కల్లా పాకిస్తాన్ ఇస్లామిక్ రిపబ్లిక్ అయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది 1965 నాటి ఉత్తర్వు. భారత్‌తో యుద్ధం రాగానే, ఇక్కడికి వచ్చేసినవాళ్ల భూములకు 'శత్రు ఆస్తి' అని పేరు పెట్టి పాకిస్తాన్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అన్న సరిహద్దు దాటితే, ఊళ్లోనే ఉన్న తమ్ముడి వాటాకూ ముప్పే.

1971లో బంగ్లాదేశ్ పుట్టింది. 1972 రాజ్యాంగం లౌకికవాదాన్ని నాలుగు మూలసూత్రాల్లో ఒకటిగా నిలిపింది, మతం పేరిట పార్టీలను నిషేధించింది. మన రాజ్యాంగ పీఠికలో ఆ మాట చేరింది 1976లో. వాళ్లు మనకంటే ముందే రాసుకున్నారు. కానీ ఆ భూముల చట్టం పోలేదు. 1974లో 'అర్పిత సంపత్తి' అని పేరు మాత్రం మారింది. లౌకికవాదం రాజ్యాంగంలో నిండుగా ఉన్న రోజుల్లోనే ఇది జరిగింది. అందుకే నేను పీఠిక కంటే ముందు భూమి కాగితాలు చూస్తాను.

తర్వాత 1977లో సైనిక పాలకుడు జియావుర్ రహ్మాన్ లౌకికవాదాన్ని తీసేశాడు. 1988లో అధ్యక్షుడు ఎర్షాద్ ఇస్లాంను రాజ్యమతం చేశాడు. 2011లో పదిహేనో సవరణ లౌకికవాదాన్ని తిరిగి తెచ్చింది, రాజ్యమతాన్నీ ఉంచింది. ఇప్పుడు ఆ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. 2025 జనవరిలో అక్కడి రాజ్యాంగ సంస్కరణల కమిషన్ లౌకికవాదం బదులు బహుళత్వం అనే మాట పెట్టమంది.

ములచేరా దగ్గర ఒక పెద్దాయన తన పొలం దాగ్ నంబరు ఇప్పటికీ గడగడా చెబుతాడు. దాగ్ నంబరంటే మన సర్వే నంబరే. కొబ్బరిచెట్లు ఎన్ని, పోకచెట్లు ఎన్ని, చెరువుగట్టు ఏ వైపు, అన్నీ చెబుతాడు. ఆ భూములు తిరిగి ఇచ్చే చట్టం 2001లో వచ్చింది. అది బంగ్లాదేశ్ పౌరులై, అక్కడే స్థిరంగా ఉంటున్నవాళ్లకు మాత్రమే.