ఆరో వంతు షరతు

అమెరికాలో మేముండే సిన్సినాటి చుట్టుపక్కల పాత భూమి కాగితాల్లో, 640 ఎకరాల సెక్షన్‌కు ఈశాన్య మూలన 106 ఎకరాల పైచిలుకు ముక్క ఒకటి విడిగా కనబడుతుంది. సెక్షన్‌లో అది సరిగ్గా ఆరో వంతు. కొన్నవాడు షరతు తప్పితే పోగొట్టుకోవాల్సిన భూమి అది. మొయినాబాద్ మండలంలో పుట్టి, చేవెళ్ల సంతలో పెరిగిన నాకు ఈ దేశ చరిత్రలో అన్నిటికన్నా దగ్గరగా అనిపించిన సంగతి ఇదే. అందుకే మన ఊళ్ల వాళ్లకు చెప్పాలనిపించింది.

1783లో స్వాతంత్ర్య యుద్ధం ముగిసేసరికి అమెరికా ఖజానా ఖాళీ. సైనికులకు, అప్పిచ్చినవాళ్లకు ఇచ్చిన సర్కారు బాండ్లు విలువ పడిపోయి చేతులు మారుతున్నాయి. పడమటి భూములు అమ్మి అప్పు తీర్చాలనుకున్నారు. 1788లో న్యూజెర్సీకి చెందిన జడ్జి జాన్ క్లీవ్స్ సిమ్స్, గ్రేట్ మయామీ, లిటిల్ మయామీ నదుల మధ్య 10 లక్షల ఎకరాలకు సర్కారుతో ఒప్పందం చేసుకున్నాడు. ఎకరం డాలర్‌లో మూడింట రెండు వంతులు. అదీ ఆ చవక బాండ్లతోనే కట్టవచ్చు.

సిమ్స్ ఆ భూమిని ముక్కలు చేసి అమ్ముతూ తన షరతు తాను పెట్టాడు. కొన్నవాళ్లు రెండేళ్లలో అక్కడ కాపురం పెట్టాలి, లేదా ఎవరినైనా పెట్టించాలి. నేల బాగుచేసి ఏడేళ్లు నిలబడాలి. లేకపోతే ఆరో వంతు పోతుంది, వచ్చి దున్నుకునేవాడికి దక్కుతుంది. దూరాన కూర్చుని ధర పెరిగేదాకా బీడు పెట్టేవాళ్లను అడ్డుకునే మంచి షరతు అది. దానికి ఒక మినహాయింపు కూడా రాశాడు: ఆదివాసుల దాడులతో చెదిరిపోతే ఆ తప్పు కొన్నవాడిది కాదు.

ఆ మినహాయింపు ఉత్త మాటగా మిగల్లేదు. 1790లో ఆదివాసుల మీదికి వెళ్లిన అమెరికా జనరల్ హార్మర్ దండు దెబ్బతిని తిరిగొచ్చింది. 1791 నవంబరు 4న అలాగే వెళ్లిన జనరల్ సెయింట్ క్లెయిర్ సైన్యంలో 600 మందికి పైగా చనిపోయారు. ఊళ్లన్నీ కర్రల కోటల్లోకి చేరాయి. ఒకరు దున్నుతుంటే ఒకరు తుపాకీతో కావలి. అలాంటి రైతుకు గడువు పెంచడం న్యాయమే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ యుద్ధం వానలా పైనుంచి పడింది కాదు. మయామీ, షావ్నీ, డెలావేర్ తెగల్లో చాలామంది ఆ నేల అమ్మకాన్ని ఒప్పుకోలేదు. భూమి అప్పగింతపై కుదిరిన 1789 నాటి ఫోర్ట్ హార్మర్ ఒడంబడికను కూడా వాళ్లలో చాలామంది తోసిపుచ్చారు. ఎవరి భూమినైతే అమ్మారో, వాళ్లు ఎదురు తిరగడాన్నే ఆటంకంగా రాసుకున్నారు.

ఇక అసలు కొనుగోలుదారు సంగతి. సిమ్స్ వాయిదాలు కట్టలేకపోయాడు. యుద్ధం వల్ల జనం రాలేదన్నది నిజమే. కానీ 1790లో ఆర్థిక మంత్రి హామిల్టన్ అప్పుల పథకం వచ్చాక చవక బాండ్ల విలువ పెరిగిపోయింది, చవగ్గా కట్టే దారి మూసుకుపోయింది. ఈ రెండో కారణం గురించి చెప్పుకునేది తక్కువ. చివరికి 1794లో అధ్యక్షుడు వాషింగ్టన్ సంతకంతో అతనికి వచ్చిన పట్టా 3,11,682 ఎకరాలకే. అయినా పట్టా హద్దు దాటి కూడా అమ్ముతూ పోయాడు. ఒక కాలేజీ కోసం విడవాల్సిన భూమి కూడా మిగల్చలేదు. ఆ కాలేజీ కోసం సర్కారు వేరేచోట నేల వెతకాల్సి వచ్చింది. 1809లో పుట్టిన మయామీ యూనివర్సిటీ అందుకే సిమ్స్ భూమికి బయట, ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది.

నష్టం ఎవరిది? 1799లో కాంగ్రెస్ చట్టం చేసి, హద్దు బయట కొని మోసపోయిన వాళ్లకు ఆ నేలను ముందుగా కొనుక్కునే హక్కు ఇచ్చింది, ఎకరం 2 డాలర్లకు. అంటే సిమ్స్‌కు ఒకసారి కట్టినవాడు సర్కారుకు మళ్లీ కట్టాలి. అదే రోజుల్లో ఒహాయో కంపెనీ అనే మరో పెద్ద కొనుగోలుదారు 15 లక్షల ఎకరాలకు ఒప్పుకుని సగం సొమ్మే కట్టింది. 1792లో ఆ సగానికి 7.5 లక్షల ఎకరాల పట్టా ఇచ్చి, పైన ఇంకొంత భూమి కూడా ఇచ్చారు. పెద్ద చేతికి సడలింపు, చిన్న చేతికి రెండో బిల్లు.

మన దగ్గర అసైన్డ్ పట్టా అందుకున్న పేద రైతు మూడేళ్లలో సాగులోకి తేవాలన్నది షరతు. 2020లో కరోనా వచ్చినప్పుడు బిల్డర్లకు రెరా చట్టం కింద ప్రాజెక్టు పూర్తిచేసే గడువు ఆరు నెలలు పెంచారు. కష్టకాలంలో గడువు పెంచడం తప్పు కాదు. కానీ ఆ సడలింపు ఎవరికి, ఎంతకాలం, ఏ షరతుకు అన్నది కాగితం మీద ఉండాలి, అందరికీ ఒకే కొలత ఉండాలి.

నిర్మాణాలను కట్టడి చేసిన 111 జీవో 1996లో 84 గ్రామాలకు వచ్చినప్పటి నుంచి మన నేల ధర ఎవరి నిర్ణయంతో పెరుగుతుందో, ఆగుతుందో మనకు తెలుసు. కాబట్టి మీ మండలంలో సర్కారు భూమి ఎవరికైనా అమ్మినా, కేటాయించినా, ధర ఒక్కటే చూసి ఊరుకోకండి. ఆర్‌టీఐలో దరఖాస్తు పెట్టి ఒప్పందంలోని షరతుల పేజీ తీసుకోండి. గడువు తేదీ, మినహాయింపు, తప్పితే వెనక్కి వచ్చే వంతు, ఈ మూడూ గ్రామసభలో చదివి వినిపించండి.